దూర ప్రయాణంలో కారు ఆగితే

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడవలసిన వేదిక ఇది. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. ఇక నేను ఎంచుకున్న విషయం వినగానే ముందు వరుసలో ఒక మిత్రుడు, "కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా? గుమాస్తాకు కారు రిపేరు సంగతి ఎందుకు?" అని నవ్వారు. సమాధానం మనవి చేస్తాను.

నేను 1973లో ఒక ఇంజనీరింగు శాఖ సబ్ డివిజను కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. 2008లో పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో మొదటి ఆరేళ్ళు ఆఫీసు జీపు లాగ్ బుక్కు నా టేబులు మీదనే ఉండేది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు తాగింది, ఏ భాగం మార్చారు, పాత భాగం స్టోరుకు అప్పగించారా లేదా అన్నీ రాయాలి. ఆడిటు వారు ముందుగా అడిగేది ఆ పుస్తకమే. తెలియని వస్తువు పేరు మీద బిల్లు రాయడం ఇష్టం లేక, "ఇదేమిటి, ఇది ఎందుకు పాడవుతుంది?" అని మా డ్రైవరు గారిని అడిగేవాణ్ణి. ఆయన చదువుకున్నది నాలుగో తరగతి. ఆయన విసుక్కోకుండా, చేతికి నూనె మరకలతో, బానెట్టు ఎత్తి చూపించి మరీ చెప్పేవారు. నాకు తెలిసింది అంతా ఆయన పెట్టిన భిక్ష. నేను మెకానిక్కును కాను. మెకానిక్కు వచ్చేలోపు మనం ఏం చేయాలన్నదే నా విషయం.

ఎందుకు మనకు ఈ విషయం

మన చిన్నతనంలో తిరుపతి వెళ్ళాలంటే రైలు, లేకపోతే బస్సు. బస్సు ఆగిపోతే డ్రైవరు, కండక్టరు చూసుకునేవారు. మనం దిగి చెట్టు కింద కూర్చుని చద్ది విప్పుకునేవాళ్ళం. ఇప్పుడు ఇంటింటికీ కారు వచ్చింది. పిల్లలు, "నాన్నగారూ, రైలు టికెట్టు దొరకలేదు, కారులో పోదాం" అంటున్నారు. శ్రీశైలం, తిరుపతి, షిర్డీ, మనవరాలి పెళ్ళి, అన్నవరంలో వ్రతం, అన్నిటికీ కారే. రోడ్లు బాగుపడ్డాయి, బండ్లూ బాగుపడ్డాయి. అయితే మనిషి చేసిన యంత్రం ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. ఆగినపుడు ఆ బండిలో ఉండేది ఎవరు? చక్కెర వ్యాధి ఉన్న మీరు, మోకాళ్ళ నొప్పులున్న మీ ఆవిడ, బి.పి. మాత్రలు వేసుకునే వియ్యంకుడు. పాతికేళ్ళ కుర్రవాడికి మూడు గంటలు ఎండలో నిలబడడం ఒక ముచ్చట. మనకు అది ఆసుపత్రి దాకా పోయే విషయం.

అందుకని కొందరు పిల్లలు, "ఈ వయసులో అంత దూరం మీకెందుకు?" అంటారు. వారి భయంలో ప్రేమ ఉంది, కాదనను. కాని జీవితమంతా సెలవు దొరకక చూడలేని ఊళ్ళను ఇప్పుడు కూడా చూడవద్దంటే ఎట్లా? ప్రయాణం మానుకోవద్దు, తయారీ మానుకోవద్దు అని నా మనవి.

అప్పటి బండి, ఇప్పటి బండి

మనలో చాలామంది అంబాసిడరును, ప్రీమియర్ పద్మినిని ఎరుగుదురు. ఎండాకాలంలో ఎత్తు ఎక్కేటప్పుడు అంబాసిడరు ఠక్కున ఆగేది. పెట్రోలు గొట్టంలోనే వేడికి ఆవిరి అయిపోయి, కార్బురేటరుకు అందేది కాదు. దాన్ని వేపర్ లాక్ అనేవారు. పెట్రోలు పంపు మీద తడి గుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే మళ్ళీ కదిలేది. ప్లగ్గు నల్లబడితే గరుకు కాగితంతో రుద్ది పెట్టేవారు. డ్రైవరు సీటు కింద ఒక గోనెసంచిలో సామాను మొత్తం ఉండేది.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. కార్బురేటరు కూడా కొత్త కార్లలో లేదు. ఇప్పుడు పెట్రోలును కొలిచి పంపేది కంప్యూటరు. పంపు ట్యాంకులోనే ఉంటుంది గావున ఆ పాత వేపర్ లాక్ బాధ దాదాపు పోయింది. అట్లే, 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ ఆరు ప్రమాణాలు వచ్చాక బండిలో సెన్సార్లు ఇంకా పెరిగాయి. అంటే మనం గరుకు కాగితంతో బాగుచేయగలిగినవి తగ్గాయి. కాని జాగ్రత్తగా గమనించండి. ఈ రోజుకీ దారిలో బండిని ఎక్కువగా ఆపేవి ఆ కంప్యూటర్లు కావు. టైరు, బ్యాటరీ, నీళ్ళు, బెల్టు. ఈ నాలుగూ మన జీపు రోజుల్లో ఉన్నవే. ఈ నాలుగింటినీ ఇంటి దగ్గరే చూసుకోవచ్చు.

బయలుదేరే ముందు

పెన్షను కాగితాలు పంపేముందు మనం చెక్ స్లిప్పు పెట్టుకునేవాళ్ళం కదా. అదే పద్ధతి.

మొదటిది టైర్లు. గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ మీద ఉంటుంది. టైరు చల్లగా ఉన్నపుడు, అంటే పొద్దున్నే, చూపించాలి. టైరు పక్కన నాలుగంకెలు ఒక చిన్న గడిలో ఉంటాయి. ఉదాహరణకు 2319 అని ఉంటే, 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గుమాస్తాలకు ఇన్వర్డు నంబరు చదవడం అలవాటే కదా, దాన్ని కూడా చదవండి. అచ్చు అరగకపోయినా రబ్బరు పాతబడి, పక్కల పగుళ్ళు కనిపిస్తే ఆ టైరుతో ఎండలో దూర ప్రయాణం వద్దు. డిక్కీలో ఉన్న స్టెప్నీకి గాలి ఉందో లేదో తప్పకుండా చూడండి. అవసరం వచ్చేదాకా దాని ముఖం ఎవరూ చూడరు.

రెండవది బ్యాటరీ. వాడకాన్ని బట్టి మూడు నుంచి ఐదేళ్ళు వస్తుంది. టెర్మినళ్ళ మీద తెల్లగానో పచ్చగానో బూజులాగా పొడి పేరుకుంటే శుభ్రం చేయించాలి. ఉదయం స్టార్టు చేసేటప్పుడు ఇంజను బద్ధకంగా మూలిగితే అది బ్యాటరీ పెట్టుకున్న రాజీనామా పత్రం అనుకోండి. పెండింగులో పెట్టవద్దు.

మూడవది ఇంజనును చల్లబరిచే కూలెంటు. పక్కనున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద కనిష్ఠ, గరిష్ఠ గీతలుంటాయి. మట్టం ఆ రెండింటి మధ్య ఉండాలి. వారం వారం తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నట్లు. నాలుగవది బెల్టు. కీచుమని అరిచినా, అంచులు పీచు పీచుగా ఉన్నా మార్పించాలి. వీటితో పాటు వైపర్లు, లైట్లు, బ్రేకులు.

డిక్కీలో జాకీ, వీలు స్పానరు, ఎర్ర త్రికోణం, టార్చి లైటు, బ్యాటరీకి వేసే తీగల జత, ఒక పాత దుప్పటి, రెండు పెద్ద సీసాల నీళ్ళు ఉండాలి. ఇవన్నీ సూటుకేసుల అడుగున పడకూడదు.

ఆగిన తరువాత మొదటి పది నిమిషాలు

మిత్రులారా, ఈ ప్రసంగంలో మీరు ఒక్క మాటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి. బండి ఆగితే ఖర్చు మాత్రమే. ఆగిన బండి చుట్టూ మనం నిలబడితే ప్రాణాపాయం. రోడ్డు పక్కన ఆగిన వాహనాన్ని వెనుక నుంచి లారీ ఢీకొన్నదన్న వార్త మనం పత్రికల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పూర్తిగా బాగున్న మనుషులు, పంక్చరు వేసుకుంటూ పోయారు.

కావున క్రమం చెబుతాను. ఏదో తేడా తెలియగానే ఇండికేటరు వేసి నెమ్మదిగా ఎడమ వైపుకు రావాలి. తారు రోడ్డు దాటి, వీలైనంత పక్కకు. వంపులోనూ, వంతెన మీదా, మిట్ట దిగువనా ఆపకుండా, బండి కదులుతున్నంతసేపు ఇంకొంచెం ముందుకు పోనివ్వాలి. ఆగగానే నాలుగు ఇండికేటర్లూ కలిసి మిణుకుమనే మీట నొక్కాలి. దిగేటప్పుడు అందరూ ఎడమ తలుపు నుంచే దిగాలి. దిగినవారు బండి వెనుకగానీ ముందుగానీ నిలబడక, రోడ్డుకు దూరంగా, ఇనుప కంచె ఉంటే దానికి అవతలి వైపుకు పోవాలి. తరువాత ఒక్కరే, రోడ్డు అంచు వెంబడి వెనక్కి నడిచి, 50 నుంచి 100 మీటర్ల దూరంలో ఎర్ర త్రికోణం పెట్టాలి. 50 మీటర్లంటే సుమారు 70 అంగలు. బండికి ఆనించి పెట్టిన త్రికోణం వల్ల ప్రయోజనం లేదు. రాళ్ళు, చెట్టుకొమ్మలు రోడ్డు మీద పెట్టి, బండి బాగయ్యాక వాటిని అక్కడే వదిలిపోవడం మన దేశంలో ఒక దురలవాటు. రాత్రి వచ్చే మోటారు సైకిలు వాడికి ఆ రాయే యముడు.

ఇది పుస్తకం చూసి చెబుతున్న మాట కాదు. 2019 మే నెలలో మేము కర్నూలు నుంచి తిరుపతి పోతున్నాము. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు, కడప మీదుగా సుమారు 340 కిలోమీటర్లు. మా అల్లుడు నడుపుతున్నాడు. వెనుక సీట్లో మా ఆవిడ, అమ్మాయి, ఎనిమిదేళ్ళ మనవడు. మా ఆవిడ అప్పటికే పన్నెండేళ్ళుగా ఇన్సులిన్ మీద ఉంది. బండిని నాలుగు రోజుల ముందే సర్వీసుకు ఇచ్చారు. అన్నీ సరిగా ఉన్నాయని గడులన్నిటిలో టిక్కు పెట్టిన కాగితం కూడా ఇచ్చారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఆళ్ళగడ్డ దాటి చాగలమర్రి వైపు పోతుండగా వేడి చూపే ముల్లు పైకి లేచింది. వెంటనే బానెట్టు సందులోంచి ఆవిరి. టైము పన్నెండూ పది.

అల్లుడు పక్కకు తీసి ఆపాడు. "మావయ్యగారూ, మూత తీసి నీళ్ళు పోద్దామా?" అన్నాడు. "వద్దు బాబూ. ముందు అందరినీ దించు" అన్నాను. యాభై గజాల దూరంలో వేప చెట్టు ఉంది. ఆడవాళ్ళనూ పిల్లవాడినీ అక్కడ దుప్పటి పరచి కూర్చోబెట్టాము. అల్లుడు త్రికోణం పెట్టి వచ్చాడు. నేను చెట్టు కింద నుంచే కిలోమీటరు రాయి చదివి నంబరు రాసుకున్నాను. వాడు 1033కు ఫోను చేశాడు. వారు రాయి నంబరు, దారి, ఏ వైపు పోతున్నామో అడిగి రాసుకుని, బండి పంపుతామన్నారు.

పదిహేను నిమిషాలు కూడా కాలేదు. గడ్డి లోడుతో వస్తున్న ఒక లారీ పక్కకు వాలి, త్రికోణాన్ని తొక్కేసి, మా కారును రెండడుగుల దూరంలో తప్పించుకుంటూ పోయింది. గడ్డి పరకలు మా కారు కుడి వైపంతా అంటుకున్నాయి. ఆ తలుపుల దగ్గర మేమెవరమైనా నిలబడి ఉంటే, ఈ రోజు నేను మీ ముందు నిలబడి ఉండను. మా ఆవిడ నోట మాట లేదు. మనవడిని ఒళ్ళోకి లాక్కుని అట్లే కూర్చుంది.

కొంతసేపటికి ఇంకొక లారీ ఆగింది. డ్రైవరు దిగి, "ఏమాయె పెద్దాయనా? వేడెక్కిందా?" అన్నాడు. ఇంజను చల్లబడేదాకా అరగంట పైన ఆగమన్నది ఆయనే. చూస్తే పైన ఉన్న రబ్బరు హోసు పైపు నిలువునా అంగుళం మేర చీలింది. ఆయన తన బండిలోంచి ట్యూబు రబ్బరు ముక్క తెచ్చి, సాగదీసి, గట్టిగా చుట్టి, తీగతో బిగించాడు. నీళ్ళు నిదానంగా పోయించాడు. మూత పూర్తిగా బిగించకుండా వదులుగా ఉంచి, "ప్రెజరు పట్టకుండా ఉండాల. ఏ.సి. వేయొద్దు, నలభై మీద పోనియ్యొద్దు. ముందర ఊర్లో పైపు మార్పించుకోండి" అన్నాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. "పెద్దమ్మ చేతి పులిహోర ఉంటే పెట్టండి, చాలు" అని రెండు ముద్దలు తిని పోయాడు. అల్లుడు మళ్ళీ 1033కు చేసి, మాకు సాయం అందింది, బండి పంపనక్కరలేదు అని చెప్పాడు. ఆ వాహనం వేరొకరికి పనికివస్తుంది కదా.

చాగలమర్రిలో పైపు 350, క్లిప్పులు 40, కూలెంటు 400, కూలి 200, వెరసి 990 రూపాయలు. సాయంత్రానికి కడప చేరి, ఆ రాత్రి అక్కడే ఉండి, మరునాడు తిరుపతి పోయాము.

కొన్ని బాధలు, వాటి మందులు

వేడెక్కడం గురించి. ముల్లు పైకి పోతున్నపుడే ఏ.సి. ఆపాలి. వెంటనే ఆపే చోటు లేకపోతే వేడి గాలి, అంటే హీటరు, పూర్తిగా తిప్పాలి. ఇంజనులోని వేడి కొంత కారులోకి వస్తుంది. మనకు చెమట పడుతుంది గాని ఇంజను బతుకుతుంది. వేడిగా ఉన్నపుడు మూత తీయరాదు. లోపల నీరు ఒత్తిడి మీద మరుగుతూ ఉంటుంది. మూత వదలగానే పైకి ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుస్తుంది. బాగా వేడి మీదున్న ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించడం కూడా తప్పే, లోహం పగలవచ్చు.

టైరు పేలితే బ్రేకు మీద కాలు పెట్టవద్దు. స్టీరింగు రెండు చేతులా గట్టిగా పట్టుకుని, బండిని తిన్నగా ఉంచి, దానంతట అది వేగం తగ్గాక పక్కకు తీయాలి. చక్రం మార్చేటప్పుడు గట్టి నేల మీద, హ్యాండ్ బ్రేకు వేసి, ఎదురు చక్రానికి రాయి పెట్టాలి. నట్లు జాకీ ఎత్తక ముందే కొంచెం వదులు చేయాలి. బిగించేటప్పుడు పక్కపక్కవి కాక ఎదురెదురువి బిగించాలి. జాకీ మీద ఉన్న బండి కిందకు చేయిగానీ తలగానీ పెట్టరాదు. స్టెప్నీ మిగతా చక్రాలకంటే సన్నగా ఉంటే దాని మీద 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ముందు దొరికిన షాపులో అసలు టైరు వేయించుకోవాలి. రోడ్డుకు కుడి వైపున్న చక్రమైతే, అక్కడ కూర్చుని మార్చేవాడి వీపు లారీల వైపు ఉంటుంది. చోటు చాలకపోతే, రిమ్ము పాడైనా సరే, నెమ్మదిగా వెడల్పున్న చోటికి పోనివ్వండి. రిమ్ము కొనుక్కోవచ్చు.

బ్యాటరీ దిగిపోతే పక్క కారు నుంచి తీగలు వేయవచ్చు. ముందు ఎర్ర తీగ మన బ్యాటరీ ప్లస్సుకు, రెండో కొస వారి ప్లస్సుకు. తరువాత నల్ల తీగ వారి మైనస్సుకు, చివరి కొస మన ఇంజను లోహానికి. తీసేటప్పుడు వరుస తిరగేయాలి. ఆటోమేటిక్ గేర్ల బండిని తోసి స్టార్టు చేయడం కుదరదు. తోయడానికి పది మంది యువకులు ముందుకొచ్చినా మర్యాదగా వద్దనండి.

ఘాట్ రోడ్ల గురించి. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండవది 1974లో వచ్చాయి. ఇప్పుడు ఎక్కడానికి రెండవది, దిగడానికి మొదటిది. ఎక్కేటప్పుడు ఇంజనుకు పరీక్ష, దిగేటప్పుడు బ్రేకులకు పరీక్ష. దిగేటప్పుడు న్యూట్రల్లో పెట్టి పెట్రోలు ఆదా చేసే మహానుభావులు ఇంకా ఉన్నారు. ఎంత ఎత్తు ఎక్కే గేరో అదే గేరులో దిగాలని మా డ్రైవరు గారి సూత్రం. మాడు వాసన వస్తే బ్రేకులు కాలిపోతున్నట్లు. విశాలమైన చోట ఆపి చల్లారనివ్వాలి. నీళ్ళు చల్లరాదు.

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయేవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. మన్ననూరు తరువాత నల్లమల అడవి. పులుల అభయారణ్యం గావున రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 దాకా వాహనాలను పోనివ్వరు. అడవిలో చాలాచోట్ల ఫోను అందదు. అందుచేత పెట్రోలు ముందే నింపుకుని, చీకటి పడకముందే దాటేటట్లు బయలుదేరాలి.

వానాకాలంలో వాగు పొంగితే ఆగాలి. రెండడుగుల లోతు పారే నీరు కారును తేలగొట్టి నెట్టుకుపోగలదు. నిలిచిన నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయరాదు. ఇంజనులోకి నీరు పోయి ఉంటే ఆ ఒక్క ప్రయత్నంతో మొత్తం ఇంజను పోతుంది. అట్లే బంకులో డీజిలు బండికి పొరపాటున పెట్రోలు కొడితే తాళం తిప్పవద్దు. అక్కడే నెట్టి పక్కన పెట్టి ట్యాంకు ఖాళీ చేయించాలి.

ఎవరిని పిలవాలి, ఏమి చెప్పాలి

జాతీయ రహదారి మీద ఏ సాయానికైనా 1033. ఇది 2018లో మొదలైంది, రోజంతా పనిచేస్తుంది. ప్రమాదమైతే 108. మన రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైన సంగతి మీకు తెలిసినదే. పోలీసు, అంబులెన్సు, అగ్నిమాపకం, ఏదైనా 112. ఈ మూడు నంబర్లూ సెల్‌ఫోనులో మాత్రమే కాక, ఒక కాగితం మీద రాసి గ్లోవు పెట్టెలో ఉంచండి. ఇన్సూరెన్సు పాలసీలో దారిలో సాయం చేసే అదనపు సౌకర్యం ఉందా అని ఇంటి దగ్గరే చూసి ఆ నంబరు కూడా రాయండి.

ఫోను చేయగానే వారడిగేది, "ఎక్కడున్నారు?" అని. ఇక్కడ మన తరం వారికి ఒక చిక్కు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చారు. మనం 7 అనే బెంగుళూరు దారి ఇప్పుడు 44. విజయవాడ, విశాఖల మీదుగా పోయే 5 ఇప్పుడు 16. హైదరాబాదు, విజయవాడల మధ్య 9 ఇప్పుడు 65. కర్నూలు, కడపల 18 ఇప్పుడు 40. పాత నంబరు చెబితే వారికి అర్థం కాదు. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. దారి నంబరు, రాయి మీది అంకె, ఏ ఊరి నుంచి ఏ ఊరికి పోతున్నారు, బండి రంగు, ఎంతమంది ఉన్నారు, జబ్బుతో ఉన్నవారు ఉన్నారా, ఇంత చెబితే చాలు.

దారిన పోయే ప్రైవేటు క్రేను వాడు వచ్చి కొక్కెం తగిలిస్తానంటే, ఎక్కడిదాకా, ఎంతకు అని ముందే మాట్లాడుకోవాలి. కొక్కెం తగిలించాక బేరం లేదు. ఆటోమేటిక్ బండ్లను చక్రాలు నేలకు తగలకుండా లారీ మీదికి ఎక్కించి తీసుకుపోయేదే మేలు. బిల్లు తీసుకోండి. మార్చిన పాత భాగం కూడా అడిగి తీసుకోండి. ఆడిటు అలవాటు ఎక్కడికి పోతుంది?

మనలో ఇంకా స్వయంగా నడిపేవారు ఉన్నారు. యాభై అయిదు దాటినవారికి లైసెన్సు ఐదేళ్ళకొకసారి రెన్యూవలు, డాక్టరు సర్టిఫికెట్టుతో. తేదీ చూసుకోండి. కంటి శుక్లాలు ఉన్నవారు రాత్రి నడపవద్దు.

మందులు, మంచి మాట

ఇన్సులిన్‌ను ఆగిన కారులో వదలకండి. తలుపులు మూసిన కారు ఎండలో పొయ్యి అవుతుంది. 30 డిగ్రీలు దాటిన వేడికి ఆ మందు చెడుతుంది. అలాగని మంచుగడ్డకు తగిలించినా చెడుతుంది. తడిగుడ్డ చుట్టిన థర్మాస్ ఫ్లాస్కో, చల్లని సంచో మన వెంట చెట్టు కిందకు రావాలి. రెండు రోజుల మందులు ఎక్కువ ఉంచుకోవాలి. గ్లూకోజు, బిస్కట్లు, మజ్జిగ దగ్గర ఉండాలి. చక్కెర తగ్గినవారికి భోజనం వేళ తప్పితే కళ్ళు తిరుగుతాయి.

ఇంకొక మందు ఉంది, అది ఏ షాపులోనూ దొరకదు. బండి ఆగగానే నలుగురం నాలుగు మాటలంటాము. "నేను ముందే చెప్పాను", "ఆ దారిన పోయుంటే బాగుండేది", "శకునం బాగాలేదు". స్టీరింగు ముందున్న కొడుకుకో అల్లుడికో అప్పటికే చేతులు వణుకుతుంటాయి. ఆ మాటలకు వాడు తొందరపడి, వేడి మూత తీస్తాడు, రోడ్డు మీదికి పరుగెడతాడు. పెద్దవాళ్ళం అక్కడ చేయగల గొప్ప సాయం, గొంతు పెంచకుండా ఉండడం. "ఫరవాలేదు బాబూ, మనకేం తొందర లేదు" అన్న ఒక్క మాటకు సగం రిపేరు అవుతుంది. మనకు నిజంగానే తొందర లేదు కదా. మస్టరు రోలులో సంతకం పెట్టవలసిన రోజులు పోయాయి.

అట్లే, దారిలో ఇంకొకరి బండి ఆగి ఉంటే మనమూ సురక్షితమైన చోట ఆగి ఒక మాట అడుగుదాం. దిగలేకపోతే కనీసం 1033కు రాయి నంబరు చెబుదాం. ప్రమాదంలో ఉన్నవారికి సాయం చేస్తే కోర్టుల చుట్టూ తిరగాలన్న భయం పాతది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను సాయం చేసినవారికి రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఆ లారీ డ్రైవరు మాకు ఏమవుతాడని ఆగాడు? అటువంటి మనుషులు ఉన్నందుకే దూరపు దారులు నడుస్తున్నాయి.

నాకిచ్చిన ఇరవై నిమిషాలు దాటినట్లు కార్యదర్శి గారి చేతి గడియారం చెబుతున్నది. బయట మీ మీ కార్లు ఎండలో ఉన్నాయి. ఇంటికి పోయేముందు పిల్లలతో డిక్కీ తెరిపించి, స్టెప్నీ మీద ఒకసారి చేయి వేసి చూడవలసిందిగా నా ప్రార్థన.